అమెరికాలో గన్ ఉన్నవాళ్లు, వాళ్ల రాజకీయాలు, వాళ్లు కలిసే చోట్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను డాలస్ దగ్గర ఉంటాను. ఇంట్లో రెండు గన్‌లు ఉన్నాయి, రెండూ సేఫ్‌లోనే ఉంటాయి. నెలకి రెండు శనివారాలు గన్‌తో గురి సాధన చేసే షూటింగ్ రేంజ్‌కి వెళ్తాను. ఓటు డెమోక్రాట్లకి వేస్తాను. ఈ మాటలన్నీ ఒకేసారి చెబితే మనవాళ్లు చాలామంది అయోమయంగా చూస్తారు. గుడి దగ్గర, పుట్టినరోజు పార్టీల్లో, ఇండియా నుంచి ఫోన్ చేసే చుట్టాల దగ్గర నాకు మళ్లీ మళ్లీ ఎదురయ్యే ప్రశ్నలు ఇవి. చట్టాలు స్టేట్‌ని బట్టి మారిపోతాయి కాబట్టి మీ సొంత విషయంలో నిర్ణయం తీసుకునే ముందు అక్కడి లాయర్ని అడగండి.

గన్ ఉందంటే రిపబ్లికన్ అనే కదా?

ఎక్కువమంది అటే, అందరూ కాదు. ప్యూ రీసెర్చ్ సెంటర్ 2023లో చేసిన సర్వే ప్రకారం అమెరికాలో పెద్దవాళ్లలో 32 శాతం మందికి సొంత గన్ ఉంది. రిపబ్లికన్లు, అటు మొగ్గేవాళ్లలో ఇది 45 శాతం. డెమోక్రాట్లు, అటు మొగ్గేవాళ్లలో 20 శాతం. అంటే డెమోక్రాట్ల వైపు కూడా ప్రతి ఐదుగురిలో ఒకరికి గన్ ఉంది. అదే సర్వేలో పల్లెల్లో ఉండేవాళ్లలో 47 శాతం మందికి, నగరాల్లో ఉండేవాళ్లలో 20 శాతం మందికి గన్ ఉంది. పార్టీని బట్టి ఎంత తేడా ఉందో, ఉండే ఊరిని బట్టి కూడా ఇంచుమించు అంతే తేడా ఉందన్నమాట.

2024 ఎన్నికల్లో కమలా హారిస్ తన దగ్గర గ్లాక్ పిస్టల్ ఉందని చెప్పారు. ఆమెతో ఉపాధ్యక్ష పదవికి పోటీ చేసిన టిమ్ వాల్జ్ వేటకి వెళ్లే మనిషి. ఒకప్పుడు గన్ హక్కుల పెద్ద సంఘం నేషనల్ రైఫిల్ అసోసియేషన్ (ఎన్‌ఆర్‌ఏ) గన్ హక్కులకి మద్దతిస్తారని ఆయనకి 'ఏ' గ్రేడ్ ఇచ్చింది, తర్వాత అదే సంస్థ 'ఎఫ్' ఇచ్చింది. అరిజోనా డెమోక్రాట్, అప్పటి కాంగ్రెస్ సభ్యురాలు గాబీ గిఫర్డ్స్ సంగతి ఇంకా లోతైనది. 2011 జనవరి 8న టూసాన్‌లో జనంతో మాట్లాడుతుండగా ఆమె తలలోకి బుల్లెట్ దిగింది. ఆరుగురు చనిపోయారు. ఆమె అప్పటికే గన్ ఉన్న మనిషి. ఆ తర్వాత గన్ చట్టాలు గట్టిగా ఉండాలని సంస్థ పెట్టారు, అందులో గన్ యజమానులకే ప్రత్యేకంగా ఒక విభాగం నడుపుతున్నారు.

అసలు ఎందుకు కొంటారు?

ప్యూ సర్వేలో 72 శాతం మంది రక్షణ కోసం అన్నారు. వేట, టార్గెట్ షూటింగ్ తర్వాతే. వెస్ట్ టెక్సాస్ పల్లెలో 911కి ఫోన్ చేస్తే షెరిఫ్ ఆఫీసు మనిషి వచ్చేసరికి చాలాసేపు పట్టచ్చు. అక్కడ గన్ పలుగూ పారా లాంటి సామాను. షికాగోలో ఒంటరిగా ఉండే ఆడమనిషికి కారణం వేరు.

ఇండియా నుంచి అడిగేవాళ్లకి నేను ముందు చెప్పేది ఇదే. మన దగ్గర తుపాకీ అంటే 1959 ఆయుధాల చట్టం కింద ప్రభుత్వం ఇచ్చే అనుమతి. లైసెన్సు కావాలి, దానికి కారణం చూపించాలి. ఎన్నికలొస్తే తీసుకెళ్లి పోలీస్ స్టేషన్లో అప్పగించమంటారు. ఇక్కడ 1791 నుంచి రాజ్యాంగంలో హక్కుగా ఉంది. ఎందుకు కావాలో నేను చెప్పక్కర్లేదు, ఎందుకు ఇవ్వకూడదో ప్రభుత్వమే చెప్పాలి. ఈ ఒక్క ముక్క అర్థం కాకపోతే మిగతా గొడవంతా పిచ్చిలాగే కనిపిస్తుంది.

గన్ ఉన్నవాళ్లలో వాళ్లకి గొడవ ఎక్కడ?

నాలుగైదు చోట్ల. ఏఆర్-15 లాంటి సెమీ ఆటోమేటిక్ రైఫిళ్లు (ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక్కో బుల్లెట్ పేలేవి) అమ్మాలా వద్దా. పర్మిట్ లేకుండా నడుముకి పెట్టుకుని తిరగనివ్వాలా వద్దా. (టెక్సాస్‌లో 2021 సెప్టెంబర్ 1 నుంచి పర్మిట్ అక్కర్లేదు.) షాపులో కాకుండా ఇద్దరు మామూలు మనుషుల మధ్య జరిగే అమ్మకానికి కూడా బ్యాక్‌గ్రౌండ్ చెక్ (కొనేవాళ్ల నేర చరిత్ర వగైరా చూడటం) ఉండాలా. ఎవరి దగ్గర ఏ గన్ ఉందో ప్రభుత్వం రిజిస్టర్ పెట్టాలా. ఇక రెడ్ ఫ్లాగ్ చట్టం. ఒక మనిషి తనకో పక్కవాళ్లకో హాని చేసేలా ఉన్నాడని ఇంట్లోవాళ్లో పోలీసులో కోర్టుకి చెబితే, జడ్జి కొంతకాలం అతని గన్‌లు తీసుకోమని ఆర్డర్ ఇస్తారు. 20కి పైగా స్టేట్లలో ఇది ఉంది, టెక్సాస్‌లో లేదు.

మా రేంజ్‌లో ఒక పెద్దాయన ఉన్నారు. రిటైరైన ట్రక్ మెకానిక్, ఎప్పుడూ ట్రంప్ అభిమానుల ఎర్ర టోపీ పెట్టుకుంటారు. రిజిస్టర్ మాట ఎత్తితే చాలు, ఆయనకి ముఖం ఎర్రబడుతుంది. మొదట్లో నాకు అదేంటో అర్థమయ్యేది కాదు. కారుకి రిజిస్ట్రేషన్ ఉంది కదా అనేవాణ్ని. ఆయన భయం వేరు. ఈ రోజు లిస్టు రాసుకున్నవాళ్లు రేపు ఆ లిస్టు పట్టుకుని ఇంటికొస్తారన్నది ఆయన నమ్మకం. ఆ భయం ఎంత పాతదంటే, గన్‌లకి దేశవ్యాప్త రిజిస్టర్ పెట్టకూడదని 1986లో చట్టంలోనే రాసుకున్నారు. 2019లో మా టెక్సాస్ డెమోక్రాట్ నాయకుడు బీటో ఓరూర్క్ డిబేట్ స్టేజీ మీద నిలబడి మీ ఏఆర్-15 తీసుకుంటాం అన్నప్పుడు, ఆ పెద్దాయన నాకు ఫోన్ చేసి "విన్నావా?" అని ఒక్క మాట అని పెట్టేశారు. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు.

మరి రిపబ్లికన్ నాయకులు మాట మీద నిలబడ్డారా అంటే అదీ లేదు. 2017 అక్టోబర్ 1న లాస్ వేగస్ కాల్పులు జరిగాక బంప్ స్టాక్‌లని (సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌ని మెషిన్ గన్‌లా వేగంగా పేల్చనిచ్చే పరికరాలు) నిషేధించింది ట్రంప్ ప్రభుత్వమే. ఆ నిషేధాన్ని సుప్రీంకోర్టు 2024లో కొట్టేసింది. గన్‌లు ముందు తీసుకోండి, కోర్టు సంగతి తర్వాత చూద్దాం అన్న అర్థం వచ్చేలా 2018 ఫిబ్రవరిలో మాట్లాడింది కూడా ట్రంపే. ఆ వారం పెద్దాయన టోపీ పెట్టుకోకుండా వచ్చారు.

కోర్టులు ఎవరి పక్షం?

2008లో హెల్లర్ కేసులో సుప్రీంకోర్టు, ఇంట్లో ఆత్మరక్షణకి గన్ ఉంచుకోవడం వ్యక్తిగత హక్కు అని 5-4 తేడాతో తీర్పిచ్చింది. అదే తీర్పులో, ఇది హద్దుల్లేని హక్కు కాదని, నేరస్థులకి గన్ ఇవ్వకపోవడం, బడుల్లో ప్రభుత్వ భవనాల్లో నిషేధించడం లాంటివి చెల్లుతాయని కూడా రాసింది. రెండు పక్షాలవాళ్లూ తమకి కావలసిన సగమే చదువుతారు. 2022లో బ్రూయెన్ కేసులో బయట గన్ పెట్టుకునే హక్కుని గుర్తించింది. 2024లో రహీమీ కేసులో, గృహహింస వల్ల కోర్టు ఆర్డర్ ఉన్న మనిషి దగ్గర గన్ ఉండకూడదన్న చట్టాన్ని 8-1తో నిలబెట్టింది.

బ్రూయెన్ కేసులో నన్ను ఆలోచనలో పడేసింది ఇంకొకటి. బయట గన్ పెట్టుకోవాలంటే ప్రత్యేక కారణం చూపించమనే న్యూయార్క్ పాత చట్టం పోవాలని కోర్టుకి రాసినవాళ్లలో బ్రాంక్స్‌లో పేదల తరపున వాదించే పబ్లిక్ డిఫెండర్లు ఉన్నారు. వాళ్లు లెఫ్ట్ వైపు మనుషులు. గన్ లైసెన్సు లేదన్న కేసులో న్యూయార్క్‌లో జైలుకి పోయేది ఎక్కువగా నల్లజాతి, లాటినో కుర్రాళ్లేనని వాళ్లు చెప్పారు. కేసు వేసిన గన్ హక్కుల సంఘం, పేదల లాయర్లు ఒకే వైపు నిలబడ్డారు.

నల్లజాతి గన్ యజమానుల కథ వేరా?

వేరే. కాలిఫోర్నియాలో లోడ్ చేసిన గన్ బయట పట్టుకు తిరగకూడదని 1967లో మల్ఫర్డ్ చట్టం వచ్చింది. బ్లాక్ పాంథర్లు అనే నల్లజాతి సంఘంవాళ్లు గన్‌లతో వీధుల్లో పోలీసుల మీద నిఘా పెట్టడమే దానికి కారణం. సంతకం చేసింది రిపబ్లికన్ గవర్నర్ రోనాల్డ్ రీగన్. హెల్లర్ తీర్పుని స్టేట్లకి కూడా వర్తింపజేసిన 2010 కేసు వేసింది ఓటిస్ మెక్‌డొనాల్డ్ అనే షికాగో పెద్దాయన. నల్లజాతి మనిషి, రిటైరయ్యారు, దొంగల భయంతో ఇంట్లో పిస్టల్ పెట్టుకోవాలనుకున్నారు.

2016 జులైలో మిన్నెసోటాలో ఫిలాండో కాస్టీల్ అనే నల్లజాతి మనిషి కారుని పోలీసు ఆపి అడిగినప్పుడు, తన దగ్గర గన్ ఉందని ఆయనే మర్యాదగా చెప్పారు. పర్మిట్ ఉంది. అయినా కాల్చి చంపారు, కారులో చిన్నపిల్ల ఉండగా. ఆ పోలీసుని జ్యూరీ నిర్దోషి అంది. గన్ హక్కు గురించి గొంతు చించుకునేవాళ్లు చాలామంది ఆ రోజుల్లో నోరు విప్పలేదు, ఆ మౌనాన్ని నల్లజాతి గన్ యజమానులు మర్చిపోలేదు. 2015లో మొదలైన నేషనల్ ఆఫ్రికన్ అమెరికన్ గన్ అసోసియేషన్ లాంటి సంఘాలు వాళ్లకి సొంత చోటు ఇచ్చాయి. లిబరల్ గన్ క్లబ్, 2000లో మొదలైన స్వలింగ సంపర్కుల సంఘం పింక్ పిస్టల్స్ కూడా అలాంటివే.

ఎన్‌ఆర్‌ఏ అందరి తరపునా మాట్లాడేది?

కాదు. 1871లో అంతర్యుద్ధం నుంచి వచ్చిన సైనికాధికారులు, సైనికులకి గురి సరిగ్గా లేదని పెట్టిన సంస్థ అది. 1977లో సిన్సినాటి సమావేశంలో హక్కుల వర్గం పగ్గాలు తీసుకున్నాక పూర్తిగా రాజకీయంగా మారింది. 2024లో న్యూయార్క్ జ్యూరీ, సంస్థ డబ్బుని సొంతానికి వాడుకున్నాడని దాని పెద్ద వేన్ లాపియెర్‌ని తప్పుపట్టింది. మా రేంజ్‌లో ఆ వార్తకి ఎక్కువ కోపం వచ్చింది చందా కట్టే రిపబ్లికన్లకే.

రెండు పక్షాలూ ఎప్పుడైనా కలిశాయా?

కలిశాయి, ప్రతిసారీ చాలా చావుల తర్వాత. 2018 ఫిబ్రవరి 14న పార్క్‌లాండ్ స్కూల్లో 17 మంది చనిపోయాక, మూడు వారాలకే ఫ్లోరిడాలో రిపబ్లికన్ గవర్నర్ రిక్ స్కాట్ రెడ్ ఫ్లాగ్ చట్టం మీద సంతకం పెట్టారు. గన్ కొనే వయసుని 21కి పెంచారు. 2022 మే 24న మా టెక్సాస్‌లోనే యువాల్డేలో 19 మంది పిల్లలు, ఇద్దరు టీచర్లు పోయారు. నెల తిరిగేసరికి ఫెడరల్ చట్టం వచ్చింది. టెక్సాస్ రిపబ్లికన్ జాన్ కార్నిన్, కనెక్టికట్ డెమోక్రాట్ క్రిస్ మర్ఫీ కూర్చుని రాశారు. సెనెట్‌లో 65-33తో గెలిచింది, 15 మంది రిపబ్లికన్లు కలిశారు. 21 ఏళ్లలోపు కొనేవాళ్లకి ఇంకాస్త లోతైన చెకింగ్, భార్య కాకపోయినా సహచరిని కొట్టి శిక్షపడ్డవాళ్లకి గన్ కొనకుండా అడ్డు, మానసిక వైద్యానికి నిధులు అందులో ఉన్నాయి. కార్నిన్‌ని సొంత పార్టీ సభలోనే హ్యూస్టన్‌లో అరిచి గోలచేశారు. నేను ఆయనకి ఎప్పుడూ ఓటెయ్యలేదు, కానీ ఆ రోజు ఆయన ఆఫీసుకి ఫోన్ చేసి థ్యాంక్స్ చెప్పాను.

అన్నిసార్లూ ఇలా జరగలేదు. శాండీ హుక్ స్కూలు కాల్పుల తర్వాత 2013లో ఇద్దరు సెనెటర్లు, ఒకరు అటు, ఒకరు ఇటు, బ్యాక్‌గ్రౌండ్ చెక్ బిల్లు తెచ్చారు. ఇద్దరికీ ఎన్‌ఆర్‌ఏ నుంచి మంచి గ్రేడే ఉంది. 54 ఓట్లు వచ్చాయి, 60 కావాలి. అక్కడితో ఆగిపోయింది.

ఇంకో చోట కూడా కలిశారు. న్యూయార్క్ అధికారి ఒకరు ఎన్‌ఆర్‌ఏతో వ్యాపారం మానుకోమని ఇన్సూరెన్స్ కంపెనీలని ఒత్తిడి చేశారని ఎన్‌ఆర్‌ఏ కేసు వేసింది. సుప్రీంకోర్టులో దాని తరపున వాదించింది పౌర హక్కుల సంస్థ ఏసీఎల్‌యూ. గన్ విషయంలో రెండిటికీ ఉప్పూ నిప్పూ. 2024 మేలో తొమ్మిది మంది జడ్జీలూ ఒకే మాట మీద ఎన్‌ఆర్‌ఏ వైపు తీర్పిచ్చారు.

నిజంగా అందరూ ఒప్పుకునేది ఏదైనా ఉందా?

ఉంది, దాన్ని చూడాలంటే రేంజ్‌కి రావాలి.

వరసగా బల్లలు, ఒక్కో బల్ల దగ్గర ఒక్కో మనిషి. రేంజ్ ఆఫీసర్ "సీజ్ ఫైర్" అని అరుస్తాడు. ఆ మాట వినపడగానే అందరూ ట్రిగ్గర్ మీద నుంచి వేలు తీసేస్తారు. బుల్లెట్లుండే మ్యాగజైన్ బయటికి లాగుతారు. బోల్ట్ వెనక్కి తీసి, లోపల బుల్లెట్ లేదని కంటితో చూసి, వేలితో కూడా తడిమి చూస్తారు. నారింజరంగు ప్లాస్టిక్ ఫ్లాగ్ ఒకటి బుల్లెట్ కూర్చునే చాంబర్లో దూరుస్తారు. అది దూరిందంటే లోపల ఏమీ లేనట్టే. గన్ బల్ల మీద పెట్టి, పసుపు గీత వెనక్కి వచ్చి చేతులు ఖాళీగా నిలబడతారు. అప్పుడు టార్గెట్ కాగితాలు మార్చేవాళ్లు ముందుకి నడిచి వెళ్తారు. ఆ రెండు నిమిషాలూ నా వీపు పెద్దాయన రైఫిల్ వైపు ఉంటుంది. ఆయన వీపు నా రైఫిల్ వైపు ఉంటుంది. గీత దాటి ఎవరైనా బల్ల మీద చెయ్యి వేస్తే ఆ రోజుకి బయటికి పంపిస్తారు, ఎవరైనా సరే. ఒకసారి నేనే కళ్లజోడు తీసుకుందామని చెయ్యి చాచాను. అరిచింది పెద్దాయనే. నేను ఇంటికి వెళ్లిపోయాను, అదే సరైన పని.

ప్రతి గన్‌నీ లోడ్ అయి ఉన్నట్టే చూడాలి. కాల్చకూడని దానివైపు తిప్పకూడదు. గురి కుదిరేదాకా ట్రిగ్గర్ మీద వేలు పెట్టకూడదు. టార్గెట్ ఏంటో, దాని వెనక ఏముందో తెలియకుండా కాల్చకూడదు. ఈ నాలుగు సూత్రాల మీద ఏ పార్టీవాడితోనూ నాకు ఇంతవరకు వాదన రాలేదు. ఇంట్లో తాళం వేసి పెట్టడం గురించి కూడా మాలో చాలామందిది ఒకే మాట. చట్టంగా పెట్టాలా అంటే మళ్లీ చీలిపోతాం, ఆ పని మంచిదా అంటే చీలిపోం. గన్ పరిశ్రమ సంఘమే ప్రాజెక్ట్ చైల్డ్‌సేఫ్ పేరుతో కేబుల్ తాళాలు ఉచితంగా పంచుతోంది.

ఆత్మహత్యల గురించి ఎందుకు ఇంతగా మాట్లాడతారు?

ఎందుకంటే సగానికి పైగా చావులు అవే. 2023లో అమెరికాలో గన్ వల్ల చనిపోయినవాళ్లు సుమారు 46,700 మంది. వాళ్లలో 27,300 మంది తమని తామే కాల్చుకున్నారు. టీవీలో వచ్చేది స్కూలు కాల్పులు. ఊళ్లల్లో జరిగేది ఇది. పోయేవాళ్లలో గన్‌తో పెరిగినవాళ్లు, పల్లెటూళ్ల మగవాళ్లు, మాజీ సైనికులు చాలామంది ఉంటారు. అంటే గన్ సంస్కృతిని ప్రేమించేవాళ్ల సొంత మనుషులే.

2009లో న్యూ హాంప్‌షైర్‌లో ఒక గన్ షాపు యజమాని రాల్ఫ్ డెమికోకి ఒక విషయం తెలిసింది. ఒకరికొకరు సంబంధం లేని ముగ్గురు, వారం రోజుల్లోపే, ఆయన షాపులోనే గన్ కొని, కొన్ని గంటల్లోనే ప్రాణం తీసుకున్నారు. ఆయన కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి, చట్టం ప్రకారం ఏ తప్పూ లేదు. అయినా మనసు ఊరుకోలేదు. ఆరోగ్య రంగంలో పనిచేసేవాళ్లతో కూర్చున్నారు. వాళ్లలో గన్‌లంటే ఇష్టం లేనివాళ్లూ ఉన్నారు. అందరూ కలిసి గన్ షాపులవాళ్ల కోసం సలహాలు రాశారు. కొనేవాడికి ఏ గన్ అయినా పర్వాలేదంటే, శుభ్రం చేయడం గురించి, బుల్లెట్లు ఎన్ని కావాలి అన్నదాని గురించి పట్టింపు లేకపోతే, కళ్లు ఎర్రగా ఉంటే అమ్మకండి, మాట్లాడండి. షాపు కౌంటర్ల మీద పోస్టర్లు పెట్టారు. మిత్రుడు కష్టంలో ఉంటే కొన్నాళ్లు అతని గన్‌లు నీ దగ్గర పెట్టుకో అన్నది అందులోని మాట. తాగిన మిత్రుడి కారు తాళాలు ఎలా తీసుకుంటామో అలాగే. ఆ పని తర్వాత చాలా స్టేట్లకి పాకింది. గన్ పరిశ్రమ సంఘం కూడా 2016లో ఆత్మహత్యల నివారణ సంస్థతో చేతులు కలిపింది.

గన్‌తో చేసుకునే ప్రయత్నంలో పదిమందిలో తొమ్మిదిమంది దాకా బతకరు. చావాలన్న ఆ తీవ్రత చాలామందిలో ఎక్కువసేపు ఉండదు. ఆ కాసేపు చేతికి గన్ అందకపోతే మనిషి మిగులుతాడు. ఇందులో రాజకీయం ఏముంది చెప్పండి. మీకో, మీవాళ్లకో అలాంటి ఆలోచన వస్తుంటే, అమెరికాలో అయితే 988కి ఫోన్ చేయండి, రాత్రీ పగలూ ఎత్తుతారు.

మిత్రుడు తన గన్ దాచిపెట్టమంటే ఏం చెయ్యాలి?

నాకు ఎదురైంది. మా రేంజ్‌లో తెలిసినతను, పుట్టినప్పటి నుంచి రిపబ్లికన్. ఉద్యోగం పోయింది, అదే నెలలో భార్య పిల్లల్ని తీసుకుని వెళ్లిపోయింది. రాత్రి తొమ్మిదిన్నరకి ఫోన్ చేసి, "కొన్నాళ్లు నావి నీ దగ్గర పెట్టుకుంటావా?" అన్నాడు. ఎందుకని నేను అడగలేదు. అరగంటలో ట్రక్కులో మూడు పెట్టెలు తెచ్చాడు. గరాజ్‌లో లైటు కింద ఇద్దరం ఒక్కోటీ తెరిచి, ఖాళీ అని చూసి, సీరియల్ నంబర్లు మా అమ్మాయి లెక్కల నోట్‌బుక్ వెనక పేజీలో రాసుకున్నాం. ఇద్దరం సంతకం పెట్టాం. మా ఆవిడ పప్పన్నం పెట్టింది, తిన్నాడు, సోఫాలోనే పడుకున్నాడు. ఐదు నెలల తర్వాత వచ్చి తీసుకెళ్లాడు. ఇది రాస్తానంటే సరే అన్నాడు. ఆ రాత్రి నాకు ఫోన్ చెయ్యమని అతనికి చెప్పింది ఎర్ర టోపీ పెద్దాయనేనని చాలా రోజులకి తెలిసింది.

చట్టం సంగతి: టెక్సాస్‌లో చట్టప్రకారం గన్ ఉంచుకోగలిగిన మనిషికి ఇలా ఇవ్వచ్చు. కొన్ని స్టేట్లలో చేతులు మారితే బ్యాక్‌గ్రౌండ్ చెక్ కావాలి, అయితే ప్రాణాపాయం ఉంటే మినహాయింపు ఇచ్చే స్టేట్లూ ఉన్నాయి. కొన్నిచోట్ల గన్ షాపులు, పోలీసులు దాచిపెడతారు. ముందే కనుక్కుని ఉంచుకోండి, అవసరం రాత్రిపూటే వస్తుంది.

వేరే పార్టీ మనిషితో గన్ గురించి ఎలా మాట్లాడాలి?

చట్టంతో మొదలుపెట్టకండి. "మీ మొదటి గన్ ఎప్పుడు కొన్నారు, ఎందుకు?" అని అడగండి. ప్రతివాళ్లకీ ఒక కథ ఉంటుంది. తాత ఇచ్చింది, దొంగలు పడ్డాక కొన్నది, మాజీ భర్త బెదిరించాక కొన్నది. మాటల దగ్గర జాగ్రత్త. ఏఆర్ అంటే అసాల్ట్ రైఫిల్ కాదు, ఆర్మలైట్ అనే కంపెనీ పేరు. ఆ తప్పు చేస్తే అవతలివాళ్లు అక్కడితో వినడం మానేస్తారు. అలాగే గన్ హక్కులవైపువాళ్లు, స్కూల్లో కాల్పులొస్తే దాక్కునే డ్రిల్ చేసి వచ్చిన పిల్ల ఏడిస్తే దాన్ని రాజకీయం అనకూడదు.

టెనెసీలో 2023 మార్చిలో నాష్‌విల్ స్కూలు కాల్పుల తర్వాత, గన్‌ల మీద తలో అభిప్రాయం ఉన్న 11 మంది మామూలు పౌరులని ఒకచోట కూర్చోబెట్టారు. వాళ్లు ఐదు ప్రతిపాదనల మీద ఒక మాటకొచ్చారు. అక్కడి అసెంబ్లీ అదే ఏడాది ప్రత్యేక సమావేశం పెట్టుకుని కూడా రెడ్ ఫ్లాగ్ లాంటిదేదీ చేయలేదు. నాయకుల కంటే మనుషులే ముందున్నారని నాకు అనిపించింది.

ఎప్పటికీ కలవనివి ఉన్నాయా?

ఉన్నాయి. ఏఆర్-15 నిషేధం మీద నేనూ పెద్దాయనా కలవం. 21 ఏళ్లలోపు వాళ్లకి అది అమ్మకూడదని నేను, సైన్యంలోకి తీసుకునే వయసు 18 కదా అని ఆయన. రెండిటిలోనూ న్యాయం ఉంది, నేను నా మాట మీదే ఉన్నాను.

నేను హెచ్-1బి మీద ఉన్నాను. గన్ కొనచ్చా, రేంజ్‌కి వెళ్లచ్చా?

దయచేసి ఇది జాగ్రత్తగా చదవండి. హెచ్-1బి, ఎఫ్-1, ఎల్-1 లాంటి వీసాల మీద వచ్చినవాళ్లు గన్ గానీ బుల్లెట్లు గానీ దగ్గర పెట్టుకోవడం ఫెడరల్ నేరం. స్టేట్ ఇచ్చిన హంటింగ్ లైసెన్సు చెల్లుబాటులో ఉంటే మినహాయింపు ఉంది. ఇంకొన్ని చిన్న మినహాయింపులు ఉన్నాయి, అవి మనలో చాలామందికి వర్తించవు. రేంజ్‌లో అద్దెకి తీసుకుని కాల్చినా చేతిలో పెట్టుకున్నట్టే లెక్క. ఫోటో కోసమని మిత్రుడి చేతికి గన్ ఇచ్చి, ఫేస్‌బుక్‌లో పెట్టే అన్నయ్యలని చూశాను. ఆ ఫోటో వల్ల అతని గ్రీన్‌కార్డుకే ముప్పు. తెలిసీ ఇచ్చినవాళ్లకి కూడా శిక్ష ఉంది. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు కొనచ్చు. షాపులో 4473 ఫారం నింపాలి, అందులో అబద్ధం రాస్తే అదే పెద్ద నేరం. గంజాయి వాడతారా అని కూడా అడుగుతుంది. మీ స్టేట్‌లో గంజాయి చట్టబద్ధమైనా ఫెడరల్ లెక్కలో కాదు.

మన తెలుగువాళ్లలో ఈ విషయం మీద ఎలాంటి అభిప్రాయాలున్నాయి?

2017 ఫిబ్రవరిలో కాన్సస్‌లోని ఒలేతాలో ఒక బార్‌లో మన తెలుగు ఇంజనీరుని, మా దేశం వదిలి పొండి అంటూ కాల్చి చంపారు. ఆ వారం నాకు తెలిసిన రెండు కుటుంబాలు గన్ కొన్నాయి. ఇంకో కుటుంబం, అలాంటివాడికి గన్ ఎలా దొరికిందని అడుగుతూ కొత్త చట్టాల కోసం సంతకాలు సేకరించింది. ముగ్గురిదీ ఒకే భయం. గ్యాస్ స్టేషన్లలో రాత్రి డ్యూటీ చేసే మన కుర్రాళ్ల మీద కాల్పుల వార్తలు వచ్చినప్పుడల్లా ఇదే చర్చ మళ్లీ మొదలవుతుంది.

మా పిల్లలు ఆడుకోవడానికి వెళ్లే ఇంట్లో గన్ ఉందో లేదో అడిగితే బాగుంటుందా?

అడగండి. మనవాళ్లకి మొహమాటం ఎక్కువ, కానీ ఇక్కడ మొహమాటం వద్దు. టెక్సాస్‌లో 17 ఏళ్లలోపు పిల్లలకి అందేలా లోడ్ చేసిన గన్ వదిలేయడం నేరం. మిషిగన్‌లో 2021లో ఒక అబ్బాయి స్కూల్లో నలుగురిని చంపితే, అతని తల్లిదండ్రులిద్దరికీ 2024లో పదేళ్ల నుంచి 15 ఏళ్ల దాకా శిక్ష పడింది. పిల్లల డాక్టర్ల సంఘం చెప్పేది, గన్ ఖాళీగా, తాళంలో ఉండాలి, బుల్లెట్లు వేరే చోట తాళంలో ఉండాలి.

మా ఆవిడ వాడే పద్ధతి చెబుతాను. వేరుశనగ అలర్జీ సంగతి, కుక్క సంగతి అడిగేటప్పుడే ఇదీ కలిపి మెసేజ్ పెడుతుంది. ముందు మన ఇంటి సంగతి చెబుతుంది: "మా ఇంట్లో రెండు గన్‌లు ఉన్నాయి, సేఫ్‌లో తాళం వేసి ఉంటాయి, బుల్లెట్లు వేరే ఉంటాయి. మీ ఇంట్లో ఉన్నాయా, ఉంటే ఎలా పెడతారు?" ఇన్నేళ్లలో కోపం తెచ్చుకున్నవాళ్లు ఒక్కరూ లేరు. గన్ ఉన్న తల్లులైతే సేఫ్ ఫోటో తీసి పంపిస్తారు. ఒకావిడ మాత్రం కాసేపు జవాబివ్వలేదు. సాయంత్రం ఫోన్ చేసి, మా ఆయనది బెడ్‌రూమ్ సొరుగులో ఉందండీ, ఇప్పుడే తాళం కొనడానికి వెళ్తున్నాం, పిల్లల్ని రేపు పంపిస్తారా అని అడిగింది.